లైన్లో ఎనిమిదేళ్లు: ఇంగ్లండ్‌లో కౌన్సిల్ ఇల్లు ఎవరికి వస్తుంది?

"మేం ఎనిమిదేళ్లుగా లైన్లో ఉన్నాం అన్నయ్యా. మా పక్కింటివాళ్లు అప్లై చేసి రెండేళ్లు కూడా కాలేదు, వాళ్లకి ఇల్లొచ్చేసింది. మాకెందుకు రావట్లేదు? ఎవరి చేతైనా చెప్పించాలా?"

లండన్‌లో ఉండే ఒకావిడ నన్ను అడిగిన మాట ఇది. భర్త, తొమ్మిదేళ్ల కొడుకు, ఆరేళ్ల కూతురు. రెండు బెడ్‌రూముల ప్రైవేటు ఫ్లాట్‌లో అద్దెకుంటున్నారు. ఇద్దరి జీతాల్లో సగం ఇంటి ఓనరుకే పోతుంది. నెలాఖరు వస్తోందంటే టెన్షన్. ఆమె కోపంలో న్యాయముంది. కానీ ప్రశ్నలో రెండు పొరపాట్లున్నాయి. ఇది లైను అనుకోవడం ఒకటి. చెప్పిస్తే పనవుతుందనుకోవడం రెండోది.

రెండోదాని సంగతి ముందు చెప్పేస్తాను, అది చిన్నది. ఇంగ్లండ్‌లో ఏ ఇల్లు ఎవరికివ్వాలో తేల్చేది కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటి స్థానిక ప్రభుత్వం) ఉద్యోగులు. ఆ ఇల్లు తన వార్డులో ఉన్నా, దరఖాస్తుదారు తన వార్డులో ఉంటున్నా, ఎన్నికైన కౌన్సిలర్ ఆ నిర్ణయంలో పాలుపంచుకోకూడదని 1997 నాటి నిబంధనలు చెబుతున్నాయి. కౌన్సిలర్ మీ తరఫున ఉత్తరం రాయొచ్చు, ఆలస్యం ఎందుకని అడగొచ్చు. లిస్టులో మీ పేరు పైకి జరపలేడు. కమిటీ సభ్యుణ్ణో ఎమ్మెల్యేనో పట్టుకుని ఇళ్ల జాబితాలో పేరెక్కించుకోవడం చూసి పెరిగిన మనకు ఇది నమ్మబుద్ధి కాదు. ఆ నిబంధన వెనక పెద్ద కథే ఉంది, అక్కడికి తర్వాత వస్తాను.

మొదటి పొరపాటు విడదీయడానికే ఈ వ్యాసమంతా.

ముందు ఒక తేడా గుర్తుంచుకోవాలి. మన దగ్గర ప్రభుత్వ ఇల్లంటే పట్టా చేతికొస్తుంది, ఇల్లు మన సొంతమవుతుంది. ఇక్కడ కౌన్సిల్ ఇల్లంటే అద్దె ఇల్లే. కాకపోతే అద్దె మార్కెట్ కంటే బాగా తక్కువ, పైగా ఓనరు ఉన్నట్టుండి ఖాళీ చేయమంటాడన్న భయం దాదాపు ఉండదు. లండన్‌లో ఈ రెండూ కలిసి దొరకడమంటే మాటలు కాదు. ఇంకో సంగతి, "కౌన్సిల్ ఇల్లు" అని అందరూ అంటున్నా ఆ ఇళ్లన్నీ కౌన్సిళ్లవి కావు. ఇంగ్లండ్‌లో ఉన్న సుమారు 40 లక్షల సోషల్ ఇళ్లలో, అంటే ఇలా తక్కువ అద్దెకిచ్చే ఇళ్లలో, ఎక్కువ భాగం హౌసింగ్ అసోసియేషన్లనే లాభాపేక్ష లేని సంస్థల చేతిలో ఉన్నాయి. ఆ సంస్థల ఇల్లు ఖాళీ అయితే, ఒప్పందం ప్రకారం కౌన్సిల్ తన లిస్టులోంచి ఒకరి పేరు పంపుతుంది. దాన్నే నామినేషన్ అంటారు. లిస్టు కౌన్సిల్‌ది, తాళంచెవి వేరేవాళ్లది.

స్కాట్లండ్, వేల్స్‌ల పద్ధతులు వేరు. ఇక్కడ చెప్పేదంతా ఇంగ్లండ్ సంగతి, 1996 హౌసింగ్ చట్టంలోని ఆరో భాగం ప్రకారం నడిచేది. ప్రతి కౌన్సిల్ ఇళ్ల కేటాయింపుకి ఒక స్కీము రాసి ప్రచురించాలి, ఆ స్కీములో రాసినట్టు తప్ప వేరేలా ఇల్లు ఇవ్వడానికి వీల్లేదు. అంటే ఇంగ్లండ్‌లో ఇళ్లు కేటాయించే కౌన్సిళ్లు దాదాపు మూడొందలుంటే, రూల్ పుస్తకాలూ దాదాపు అన్నే ఉన్నాయి. రోడ్డుకి ఇవతల రెండో బ్యాండులో (అవసరాన్ని బట్టి వేసే తరగతిలో) ఉండే కుటుంబం, రోడ్డు దాటి పక్క కౌన్సిల్‌లోకి వెళ్తే లిస్టులోకే ఎక్కలేకపోవచ్చు.

కాబట్టి దీన్ని క్యూ అనుకోకుండా ఒకదాని కింద ఒకటి పెట్టిన జల్లెడలు అనుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది.

పై జల్లెడ వీసా. ఇది కౌన్సిల్ చేతిలో లేదు, పార్లమెంటు చేసిన చట్టం. స్టూడెంట్ వీసా, స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్న చాలామంది తెలుగువాళ్లకు "నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్", అంటే ప్రభుత్వ సాయం తీసుకోకూడదనే షరతు ఉంటుంది. సోషల్ హౌసింగూ, ఇల్లు పోయినప్పుడు కౌన్సిల్ చేసే సాయమూ ఆ పబ్లిక్ ఫండ్స్ కిందికే వస్తాయి. పదేళ్లు టాక్సు కట్టాం కదా అన్న వాదన ఇక్కడ నిలవదు, ఎంత సబబుగా అనిపించినా. శాశ్వత నివాసం వచ్చాక, లేదా శరణార్థి హోదా ఉంటే తలుపు తెరుచుకుంటుంది. చాలామందికి తెలియనిది ఇంకోటుంది. బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లైనా సరే, కొన్నేళ్లు హైదరాబాదులో ఉండి తిరిగొస్తే, మళ్లీ ఇక్కడ నిలకడగా స్థిరపడ్డారని చూపించుకోవాలి. ఇక భార్యాభర్తల్లో ఒకరికి అర్హత ఉండి మరొకరికి లేకపోతే ఇద్దరి పేరు మీదా టెనెన్సీ (అద్దె ఒప్పందం) ఇవ్వకూడదు. వీసా షరతు వల్ల పిల్లలతో రోడ్డున పడే పరిస్థితొస్తే, 1989 పిల్లల చట్టం కింద సోషల్ సర్వీసెస్ ఆదుకునే వీలుంది. అది పబ్లిక్ ఫండ్స్ లెక్కలోకి రాదు. ఈ ఒక్క ముక్క తెలియక భయపడి ఊరుకునేవాళ్లు ఉంటారు కాబట్టి చెబుతున్నాను.

రెండో జల్లెడను కౌన్సిళ్లే పట్టుకున్నాయి. 2011లో వచ్చిన లోకలిజం చట్టం, లిస్టులోకి ఎవరిని రానివ్వాలో ఎవరిని రానివ్వకూడదో తేల్చుకునే స్వేచ్ఛ వాటికిచ్చింది. అంతకుముందు దాదాపు ఎవరైనా పేరు నమోదు చేసుకోగలిగేవారు. ఆ తర్వాత నివాస నిబంధనలొచ్చాయి. కనీసం రెండేళ్లు స్థానికంగా ఉండాలనే షరతు పెట్టమని 2013లో కేంద్ర ప్రభుత్వమే సలహా ఇచ్చింది. చాలా కౌన్సిళ్లు మూడు, ఐదు అన్నాయి. పశ్చిమ లండన్‌లోని హిల్లింగ్డన్ పదేళ్లంది. ఆదాయ పరిమితి, బ్యాంకులో దాచుకున్న డబ్బుపై పరిమితి, అద్దె బకాయిలు, గొడవల చరిత్ర, అన్నీ ఈ జల్లెడలో పడ్డాయి.

ఫలితం ఎంత చిత్రంగా ఉందో చూడండి. 2012లో ఇంగ్లండ్ వెయిటింగ్ లిస్టులో 18 లక్షల 50 వేల కుటుంబాలుండేవి. 2018 నాటికి అవి 11 లక్షల చిల్లరకు తగ్గాయి. ఆ మధ్యలో ఏడు లక్షల కుటుంబాలకు ఇళ్లేమీ కట్టివ్వలేదు. పేర్లు కొట్టేశారు, అంతే. అవసరం తీరి తగ్గిన లిస్టుకూ రబ్బరుతో తుడిపితే తగ్గిన లిస్టుకూ కాగితం మీద తేడా కనబడదు. అందుకే ఏ కౌన్సిలైనా "మా లిస్టు సగానికి తగ్గింది" అని చెబితే నేను ముందు చూసేది ఆ ఏడాది రూల్స్ ఏమైనా మార్చారా అని. ఇంత తుడిపినా 2024 మార్చి నాటికి ఆ లిస్టు మళ్లీ 13 లక్షలు దాటింది.

నివాస నిబంధన కొత్తదేమీ కాదు. 1960ల్లో బర్మింగ్‌హామ్‌లో ఐదేళ్ల నిబంధన ఉండేది. కామన్‌వెల్త్ దేశాల నుంచి అప్పుడే వచ్చి ఫౌండ్రీల్లో, బస్సుల్లో పనిచేస్తున్నవాళ్లు దానివల్ల కౌన్సిల్ ఇళ్లకు దూరమై, స్పార్క్‌బ్రూక్ లాంటి పేటల్లో పాత పెద్ద ఇళ్లలో గదికొక కుటుంబంగా ఇరుక్కుని బతికారు. బారీ కల్లింగ్‌వర్త్ అధ్యక్షతన ఏర్పాటైన ప్రభుత్వ కమిటీ 1969లో, నివాసం పేరుతో ఎవరినీ లిస్టులోకి రాకుండా ఆపొద్దని చెప్పింది. నలభై ఏళ్ల తర్వాత గడియారం వెనక్కి తిరిగింది. హిల్లింగ్డన్ పదేళ్ల నిబంధన 2019లో అప్పీల్ కోర్టుకెళ్లింది. ఒకచోట స్థిరంగా ఉండే అవకాశమే లేని శరణార్థులకూ, తరాలుగా సంచార జీవనం గడిపే ఐరిష్ ట్రావెలర్లకూ అది పరోక్షంగా వివక్షేనని కోర్టు తేల్చింది. పేరు పెట్టి ఎవరినీ ఆపకుండానే కొందరిని ఆపే నిబంధనలుంటాయని ఆ కేసు చూస్తే తెలుస్తుంది.

మూడో జల్లెడ దగ్గరే అసలు తగువంతా. ఎవరి అవసరం ఎక్కువ?

చట్టం ఐదు రకాల వాళ్లకి "తగిన ప్రాధాన్యం" ఇవ్వాలంటుంది. ఇల్లు లేనివాళ్లు, ఇల్లు పోయి కౌన్సిల్ బాధ్యత తీసుకున్నవాళ్లు, ఇరుకు ఇళ్లలో లేదా పాడుబడ్డ ఇళ్లలో ఉన్నవాళ్లు, అనారోగ్యం వల్లో వైకల్యం వల్లో మారక తప్పనివాళ్లు, ఫలానా ప్రాంతానికి వెళ్లకపోతే తీవ్ర కష్టం పాలయ్యేవాళ్లు. అద్దె భరించలేకపోవడం ఈ ఐదింటిలో లేదు. మన ఆవిడ బాధ అదే కదా. జీతంలో సగం అద్దెకు పోతున్నా, ఆ ఇల్లు కుటుంబానికి సరిపోతుంటే, గోడలు బాగుంటే, చట్టం దృష్టిలో మీకు ఇంటి సమస్య లేదు. డబ్బు సమస్య ఉంది. దానికి వేరే దారి చూసుకోమంటుంది.

చాలా కౌన్సిళ్లు ఈ అవసరాలను బ్యాండులుగా పేరుస్తాయి. అన్నిటికంటే పై బ్యాండులో ప్రాణాపాయం ఉన్నవాళ్లు, ఇల్లు కూల్చివేతలో పోతున్నవాళ్లు, పెద్ద కౌన్సిల్ ఇల్లు వదిలి చిన్నదానికి మారతామనేవాళ్లు. చివరివాళ్లకి పైబ్యాండు ఎందుకని చాలామందికి ఒళ్లు మండుతుంది. లెక్క సులువే. పిల్లలు ఎగిరిపోయాక మూడు బెడ్‌రూముల ఇంట్లో ఒంటరిగా ఉన్న పెద్దావిడ ఒక బెడ్‌రూం ఇంటికి మారితే, ఒక పెద్ద కుటుంబానికి చోటు దొరుకుతుంది. ఇల్లు కట్టకుండానే ఇల్లు పుట్టినట్టు. కొన్ని కౌన్సిళ్లు బ్యాండులు కాక పాయింట్లు వేస్తాయి.

జబ్బు సంగతిలో అందరూ పొరపడతారు. "మా ఆయనకి షుగరు, నాకు బీపీ, డాక్టరు సర్టిఫికెట్ పెట్టాం, అయినా పాయింట్లు ఇవ్వలేదు" అంటారు. కౌన్సిల్ అడిగేది జబ్బు ఉందా అని కాదు. ఈ ఇల్లు ఆ జబ్బును ముదిరిస్తోందా, ఇల్లు మారితే తగ్గుతుందా అని. ఎంత పెద్ద షుగరైనా, మొదటి అంతస్తులో ఉన్నా మూడో అంతస్తులో ఉన్నా అదే షుగరు. మోకాళ్లు అరిగి, లిఫ్టు లేని మూడో అంతస్తు నుంచి నెలల తరబడి కిందికి దిగలేనివాళ్లది వేరు కేసు. తేమ పట్టి బూజెక్కిన గదిలో పసివాడికి ఆస్తమా ఎక్కువైతే అదీ వేరు. డాక్టరు ఉత్తరంలో జబ్బు పేరు కంటే ఇంటికీ జబ్బుకీ ఉన్న సంబంధం రాయించుకోవాలి. సాధారణంగా కౌన్సిల్ డాక్టర్ సలహాదారు మిమ్మల్ని చూడకుండానే, కాగితాలు మాత్రమే చూసి అభిప్రాయం చెబుతాడు. అందుకని కాగితం మీద లేనిది లేనట్టే.

ఇరుకు లెక్క ఇంకా తమాషా. 1935 నుంచి వస్తున్న చట్టబద్ధమైన కొలత ప్రకారం హాలు కూడా పడుకునే గదే. ఏడాదిలోపు పసికందు అసలు మనిషి లెక్కలోకే రాదు. ఏడాది నుంచి పదేళ్ల లోపు పిల్లలు అరమనిషి. ఈ కొలతతో చూస్తే చట్టప్రకారం ఇరుకు ఇళ్లు చాలా తక్కువ. అందుకని కేటాయింపుల్లో ఎక్కువగా బెడ్‌రూం కొలతే వాడతారు. దంపతులకొక గది, పెద్దవాళ్లకి ఒక్కొక్కరికి ఒకటి, ఒకే లింగానికి చెందిన ఇద్దరు పిల్లలకి ఒకటి, పదేళ్లలోపు ఇద్దరు పిల్లలైతే ఆడా మగా అయినా ఒకటే గది. పిల్లలు ఎన్నేళ్లకు పెద్దవాళ్ల కింద లెక్క అన్నది కౌన్సిల్‌ని బట్టి మారుతుంది. కొన్ని చోట్ల 16, కొన్ని చోట్ల 21. అత్తమామలు ఇండియా నుంచి వచ్చి ఆరు నెలలు ఉండిపోతారంటే గది ఇవ్వరు. శాశ్వతంగా ఇంట్లో ఉండేవాళ్లకే లెక్క.

ఇల్లు పోయినవాళ్ల దారి మరొకటి. 2018 ఏప్రిల్‌లో అమల్లోకొచ్చిన చట్టం ప్రకారం, 56 రోజుల్లో ఇల్లు పోయే ప్రమాదమున్నవాళ్లకి కౌన్సిల్ ముందే సాయం చేయాలి. ఇల్లు పోయాక మరో 56 రోజులు కొత్తది వెతకడంలో సాయపడాలి. అప్పటికీ దొరక్కపోతే, పిల్లలున్న కుటుంబాలు, గర్భిణులు, జబ్బున పడ్డవాళ్లు, గృహహింస నుంచి తప్పించుకుని వచ్చినవాళ్లు మొదలైనవాళ్ల బాధ్యతను పూర్తిగా తీసుకోవాలి. చేజేతులా ఇల్లు పోగొట్టుకున్నారని తేలితే మాత్రం కాదు. ఇక్కడే పుకార్లన్నీ పుడతాయి. "ఓనరుతో గెంటించుకుంటే కౌన్సిల్ ఇల్లు వెంటనే ఇస్తారు" అని సలహాలిచ్చేవాళ్లున్నారు. ఇచ్చేది టెంపరరీ అకామడేషన్. హోటల్ గదో, ఊరవతల ఇరుకు ఫ్లాటో. పిల్లల బడి ఒక చోట, పడక ఇంకో చోట. 2025 మార్చి నాటికి ఇంగ్లండ్‌లో 1,30,000కు పైగా కుటుంబాలు అలా ఉన్నాయి. లండన్‌లో ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోతారు. పైగా 2012 నుంచి కౌన్సిల్ తన బాధ్యతను ప్రైవేటు అద్దె ఇల్లు చూపించి కూడా తీర్చుకోవచ్చు. గెంటించుకుని కౌన్సిల్ ఇల్లు సంపాదిద్దామనుకుంటే చివరికి ఇంకో ప్రైవేటు ఓనరు దగ్గర తేలొచ్చు.

ఇంకో పట్టింపు. ఇలా బాధ్యత తీసుకున్నాక కౌన్సిల్ చూపించిన ఇల్లు నచ్చలేదని తిప్పి పంపితే, ఆ ఇల్లు మీకు తగినదేనని తేలితే, బాధ్యత అక్కడితో తీరిపోతుంది. రెండో అవకాశం ఉండదు. అందుకే ఈ పని తెలిసిన లాయర్లు ఒకటే మాట చెబుతారు. ముందు ఇంట్లో చేరండి, కౌన్సిల్ నిర్ణయం చెప్పిన రోజు నుంచి 21 రోజుల్లో రివ్యూ (మళ్లీ పరిశీలన) అడగండి. రెండూ ఒకేసారి చేయొచ్చు.

మరి ఒకే కుటుంబానికి జబ్బూ ఉండి, ఇరుకూ ఉండి, పాడుబడ్డ ఇల్లూ అయితే? మూడు కష్టాలు కూడి ముందుకు జరగాలి కదా? న్యాయంగా అనిపించేది అదే. తూర్పు లండన్‌లోని న్యూహామ్ కౌన్సిల్, అంటే మనవాళ్లు చాలామంది ఉండే ఈస్ట్‌హామ్ ఉన్న కౌన్సిల్, అలా కూడలేదు. అవసరం ఉన్నవాళ్లందరినీ దాదాపు ఒకే గుంపులో పెట్టి, అందులో ఎవరు ముందు నుంచి ఎదురుచూస్తున్నారో చూసింది. దీనిపై కేసు అప్పట్లో అత్యున్నత కోర్టు కూడా అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లింది. 2009లో లార్డ్స్ కౌన్సిల్ పక్షానే తీర్పిచ్చారు. కష్టాలను తూకం వేసి వరసలో పెట్టే ఏ పద్ధతిలోనైనా లోపాలుంటాయి, చట్టం దాటనంత వరకు ఏ పద్ధతి వాడాలో తేల్చేది కౌన్సిలే తప్ప కోర్టు కాదు అన్నది దాని సారాంశం. నాకు ఆ తీర్పు తప్పనిపించదు గానీ, అది చదివినప్పుడల్లా మూడు కష్టాల కుటుంబం ఒక కష్టం కుటుంబం వెనక నిలబడిన దృశ్యమే కళ్ల ముందుకొస్తుంది.

ఇన్ని జల్లెడలు దాటాక ఆఖరున బిడ్డింగ్. పేరు విని వేలంపాట అనుకుంటారు. డబ్బుతో దీనికి సంబంధమే లేదు. ఖాళీ అయిన ఇళ్లను కౌన్సిల్ వెబ్‌సైట్‌లో పెడతారు, చాలాచోట్ల వారం వారం. నచ్చినవాటి మీద "మాకు ఇది కావాలి" అని బటన్ నొక్కడమే బిడ్. ఈ పద్ధతి నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ నగరం నుంచి వచ్చింది, 2000ల్లో ఇంగ్లండ్ అంతా పాకింది. ఎవరు ముందు నొక్కారన్నది లెక్కలోకి రాదు. అర్ధరాత్రి మేలుకుని నొక్కక్కర్లేదు.

ఊహకి ఒక ఇల్లు తీసుకుందాం. రెండు బెడ్‌రూములు, రెండో అంతస్తు, లిఫ్టు లేదు. ముగ్గురు బిడ్ వేశారు. ఒకరు ఎనిమిదేళ్లుగా లిస్టులో ఉన్నారు, నాలుగో బ్యాండు. ఇంకొకరు మూడేళ్లుగా టెంపరరీ అకామడేషన్‌లో ఉన్నారు, రెండో బ్యాండు. మూడో ఆవిడ రెండో బ్యాండులోకి ఏడాది కిందటే వచ్చింది, కానీ లిస్టులో పేరు ఐదేళ్ల నుంచి ఉంది. కంప్యూటర్ ముందు బ్యాండు చూస్తుంది, కాబట్టి ఎనిమిదేళ్లాయన చివరికి పోతాడు. మిగిలిన ఇద్దరిలో ఎవరు ముందు? చాలా కౌన్సిళ్లు చూసేది పేరు రాయించుకున్న తేదీ కాదు, ఆ బ్యాండులోకి వచ్చిన తేదీ. ఐదేళ్ల నిరీక్షణ కంటే మూడేళ్ల బ్యాండు తేదీయే గెలుస్తుంది. ఇప్పుడు ఆ మూడేళ్ల కుటుంబానికి మోకాళ్ల సమస్య ఉందని కాగితాల్లో ఉందనుకోండి, లిఫ్టు లేని ఇల్లు తగినది కాదని పక్కనపెడతారు. ఇల్లు ఐదేళ్లావిడకు వెళుతుంది. ఆమె ఆ ఇంటి అద్దె కట్టగలదా అని హౌసింగ్ అసోసియేషన్ ఆదాయ ఖర్చులు లెక్కేసి, కష్టమంటే మళ్లీ తిరస్కరించవచ్చు. పేదవాళ్ల కోసం కట్టిన ఇల్లు మరీ పేదవాళ్లని కాదనడం వింతే. 2011 తర్వాత మార్కెట్ అద్దెలో 80 శాతం దాకా వసూలు చేసే కొత్త రకం ఇళ్లు వచ్చాక ఇది ఎక్కువైందని ఈ రంగంలో పనిచేసేవాళ్లు గోల పెడుతూనే ఉన్నారు.

ఇంత తతంగం ఎందుకు, అనుభవమున్న ఆఫీసరు ఇంటికి వచ్చి చూసి ఇచ్చేయొచ్చు కదా అనిపిస్తుంది. ఒకప్పుడు అలాగే ఉండేది. హౌసింగ్ విజిటర్ అనే ఉద్యోగిని ఇంటికొచ్చి, వంటగది శుభ్రంగా ఉందా, పరుపులు ఎలా ఉన్నాయి, ఇల్లాలు పొందికైనదేనా అని చూసి మార్కులేసేది. మంచి మార్కులొచ్చినవాళ్లకి కొత్త ఇళ్లు, రానివాళ్లకి కూల్చడానికి సిద్ధంగా ఉన్న పాత ఇళ్లు. పెళ్లికాని తల్లులను, ఇల్లు మురికిగా ఉంచుకునేవాళ్లను తగనివాళ్ల కింద జమకట్టే ధోరణి చాలాచోట్ల ఉందని కల్లింగ్‌వర్త్ కమిటీ గట్టిగానే ఎత్తిచూపింది. ఆ తర్వాత పదిహేనేళ్లకి, 1984లో, లండన్‌లోని హాక్నీ కౌన్సిల్ కేటాయింపులపై జాతి సమానత్వ కమిషన్ విచారణ నివేదిక వెలువడితే, నల్లజాతి కుటుంబాలకు నాసిరకం ఇళ్లే దక్కుతున్నాయని తేలింది. ఎవరూ ఆ పని చేయమని ఆదేశం ఇవ్వలేదు. చిన్న చిన్న ఊహలు, "వాళ్లకి ఇది చాల్లే" అన్న మాటలు కలిసి అంతదాకా వెళ్లింది.

ఇక ఇంతకుముందు దాటవేసిన కథ. 1968లో ఉత్తర ఐర్లండ్‌లోని టైరోన్ కౌంటీలో కాలెడన్ అనే పల్లె. పిల్లలున్న క్యాథలిక్ కుటుంబాలు ఇళ్ల కోసం ఎదురుచూస్తుంటే, స్థానిక కౌన్సిల్ ఒక కొత్త ఇంటిని పెళ్లికాని 19 ఏళ్ల ప్రొటెస్టెంట్ అమ్మాయికి ఇచ్చింది. ఆమె యూనియనిస్టు (బ్రిటన్‌తోనే కలిసి ఉండాలనే) రాజకీయాలతో సంబంధమున్న ఒక సొలిసిటర్ దగ్గర సెక్రటరీ. అక్కడ స్థానిక ఎన్నికల్లో ఓటు హక్కు ఇంటి పన్ను కట్టేవాళ్లకి, వాళ్ల భార్యకో భర్తకో మాత్రమే ఉండేది. అంటే ఇల్లిస్తే ఓటిచ్చినట్టే. ఎవరికి ఇల్లివ్వాలో తేల్చే కౌన్సిలరే తనకు ఎవరు ఓటేయాలో కూడా తేల్చుకుంటున్నాడన్నమాట. జూన్ 20న నేషనలిస్టు (ఐర్లండ్ ఒకటి కావాలనే పక్షం) ఎంపీ ఆస్టిన్ కరీ ఆ ఇంట్లోకి దూరి తలుపులు బిగించుకున్నాడు. కొన్ని గంటల్లో పోలీసులు ఈడ్చి బయటేశారు. ఆగస్టు 24న కోల్‌ఐలండ్ నుంచి డంగానన్‌కు పౌరహక్కుల మొదటి పాదయాత్ర జరిగింది. ఆ తర్వాత ఉత్తర ఐర్లండ్ ఎంత రక్తం చూసిందో తెలిసిందే. దానికి కారణాలు చాలా ఉన్నాయి, ఒక్క ఇంటి మీద తోసేయడం తప్పు. కానీ 1971లో అక్కడ కౌన్సిళ్ల చేతుల్లోంచి ఇళ్ల కేటాయింపే తీసేసి, హౌసింగ్ ఎగ్జిక్యూటివ్ అనే ఒకే సంస్థకు అప్పజెప్పారు. పాయింట్ల పద్ధతి వచ్చింది. బెదిరింపులకు ఇల్లు వదిలి పారిపోయినవాళ్లకి 200 పాయింట్లు వేసే రూలు అక్కడ చాలా ఏళ్లు నడిచింది. అలాంటి రూలు రాయాల్సి వచ్చిందంటేనే ఆ ఊళ్లు ఎలా ఉండేవో అర్థమవుతుంది.

కాబట్టి బ్యాండులూ తేదీలూ మనిషి మొహం చూడవని విసుక్కోవచ్చు. మొహం చూడకూడదనే పెట్టారు.

అయితే రూల్ ఎంత పక్కాగా రాసినా ఇళ్లు పుట్టవు. 1980 చట్టంతో కౌన్సిల్ అద్దెదారులకు తాముంటున్న ఇంటిని తగ్గింపు ధరకు కొనుక్కునే హక్కు వచ్చాక, ఇంగ్లండ్‌లో ఇప్పటిదాకా 20 లక్షల దాకా ఇళ్లు అమ్ముడయ్యాయి. కొన్న కుటుంబాలు బాగుపడ్డాయి, కాదనను. అమ్మిన ఇంటికి బదులు ఇల్లు కట్టలేదన్నదే గొడవ. అమ్ముడైన ఫ్లాట్లలో చాలావాటిని ఇప్పుడు ప్రైవేటు ఓనర్లు అద్దెకిస్తున్నారు. ఒకే మెట్ల మీద ఎదురెదురు గుమ్మాలు, ఒకదానికి కౌన్సిల్ అద్దె, రెండోదానికి దానికి రెండింతలో మూడింతలో. ఆ రెండో గుమ్మంలోని కుటుంబమే మొదటి గుమ్మం కోసం లిస్టులో ఉంటుంది. 2024 నవంబరులో ఆ తగ్గింపును బాగా కుదించారు. 13 లక్షల కుటుంబాల లిస్టుకి ఏటా కొత్తగా అద్దెకిచ్చే సోషల్ ఇళ్లు రెండున్నర లక్షల చిల్లర. వాటిలో కొన్ని ఇప్పటికే సోషల్ ఇంట్లో ఉండి మారుతున్నవాళ్లకే పోతాయి.

మన ఆవిడ కాగితాలు తెప్పించి చూశాను. దరఖాస్తుదారుకి తన ఫైల్లో ఏముందో, తనకి ఏ ప్రాతిపదికన ఈ బ్యాండు ఇచ్చారో అడిగి తెలుసుకునే హక్కుంది. రివ్యూ కోరే హక్కూ ఉంది. అక్కడా తేలకపోతే, అది పద్ధతి ప్రకారం జరగలేదనిపిస్తే, కౌన్సిళ్లపై ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. ఈమె ఫైల్లో తప్పేమీ లేదు. అదే చిక్కు. దంపతులకు ఒక గది, పదేళ్లలోపు ఇద్దరు పిల్లలకు ఒక గది. రెండు గదులు కావాలి, రెండు గదులున్నాయి. ఇరుకు లేదు, జబ్బు లేదు, ఇల్లు పోయే నోటీసు లేదు. అట్టడుగు బ్యాండు. ఎనిమిదేళ్లు కాదు, పద్దెనిమిదేళ్లు ఉన్నా ఆ బ్యాండులో లండన్‌లో ఇల్లు రావడం కల్ల.

"అంటే ఇంతేనా?" అంది.

కొడుకు పుట్టినరోజు ఎప్పుడని అడిగాను. నవంబరులో పదేళ్లు నిండుతాయంది. ఆ రోజు నుంచి అన్నాచెల్లెళ్లు ఒక గదిలో ఉండకూడదని స్కీము చెబుతుంది. మూడు గదులు కావాలి, రెండే ఉన్నాయి. ఒక గది తక్కువైతే ఆమె కౌన్సిల్‌లో మూడో బ్యాండు. అది దానంతటది మారదు, మార్పు వివరాలు ఆమే పంపాలి. బ్యాండు తేదీ ఆ రోజు నుంచే మొదలవుతుంది, ఈ ఎనిమిదేళ్లు అందులో కలవవు. పైగా ఇకనుంచి బిడ్ వేయాల్సింది మూడు బెడ్‌రూముల ఇళ్లకి, అవి ఖాళీ అయ్యేదే తక్కువ.

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఫోన్ తీసి, నవంబరులో వాడి పుట్టినరోజు కింద "కౌన్సిల్‌కి మెయిల్" అని రాసుకుంది.